కీళ్ల అల్ట్రాసౌండ్ స్కాన్: నాలుగుసార్లు చేయించుకున్న మీదట

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు నేను మందులు మొదలుపెట్టి ఆరేళ్లయింది. గడిచిన మూడేళ్లలో చేతులకు, పాదాలకు నాలుగుసార్లు అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించుకున్నాను. మొదటిది బయట ఒక స్కానింగ్ సెంటర్‌లో, మిగతా మూడూ నన్ను చూసే రుమటాలజీ (కీళ్ల జబ్బుల) విభాగంలోనే జరిగాయి. పరీక్ష పేరు ఒకటే అయినా, మొదటిదానికీ తరువాతి మూడింటికీ ఉన్న తేడా ఎంతటిదంటే, మొదటి రిపోర్టుతోనే ఆగిపోయి ఉంటే కీళ్లకు ఈ పరీక్ష దండగ అన్న అభిప్రాయంతోనే నేను ఉండిపోయేదాన్ని. డాక్టరు ఈ స్కాన్ రాసిచ్చాక చేయించుకోవాలా వద్దా అని తటపటాయించేవాళ్లు చాలామంది ఉంటారు. అందుకే ఇది నాకు ఎక్కడ అక్కరకు వచ్చిందో, ఎక్కడ రాలేదో వివరంగా రాస్తున్నాను.

మొదటిసారి స్కాన్ మాట వచ్చేనాటికి నా పరిస్థితి మెరుగ్గానే ఉంది. వారానికి ఒకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ అనే మందు బాగానే పనిచేస్తోంది. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి ఉండే సమయం గంట నుంచి పది నిమిషాలకు తగ్గింది. ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రెండూ హద్దుల్లో ఉన్నాయి. వెళ్లిన ప్రతిసారీ డాక్టరు 28 కీళ్లను నొక్కి చూసి లెక్కగట్టే డాస్28 స్కోరు 2.6 కంటే కిందికి దిగింది, అంటే లెక్క ప్రకారం జబ్బు అణిగి ఉన్నట్టే. మందు వేసుకున్న మర్నాడంతా వికారంగా ఉంటోంది కాబట్టి మోతాదు తగ్గించమని నేనే అడిగాను. "తగ్గించే ముందు ఒకసారి లోపల ఎలా ఉందో చూద్దామమ్మా. చేతికి దొరకని వాపు మిగిలి ఉంటే, మందు తగ్గించాక తిరగబెట్టే అవకాశం ఎక్కువ" అని డాక్టరు గారు స్కాన్ రాశారు. వారి విభాగంలో అపాయింట్‌మెంట్ ఆలస్యమవుతుందన్నారని, తొందరపడి నేను బయటికి వెళ్లాను.

ఆ సెంటర్ పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు. అక్కడివాళ్లు మర్యాదగానే మాట్లాడారు, గది శుభ్రంగానే ఉంది. కానీ పరీక్ష ఆరేడు నిమిషాల్లో ముగిసింది. ఏసీ చల్లదనానికి నా వేళ్లు అప్పటికే మంచుగడ్డల్లా ఉన్నాయి. స్కాన్ చేసినాయన ప్రోబ్‌ను (ధ్వని తరంగాలు పంపే చేతి పరికరాన్ని) కణుపుల మీద గట్టిగా అదిమిపెట్టి, ఒక్కో చేతి మీద రెండు మూడుసార్లు అటూఇటూ జరిపి, "అయిపోయిందండీ" అన్నారు. పాదాలు చూడనే లేదు. నొప్పి మాత్రలు ఏమైనా వాడుతున్నారా అని ఎవరూ అడగలేదు. ఆ రోజు పొద్దున్నే నేను ఒకటి వేసుకుని వెళ్లాను. రిపోర్టులో ఉన్నది రెండే రెండు వాక్యాలు: రెండు చేతుల కీళ్లలో చెప్పుకోదగ్గ నీరు లేదు, ఎముకల ఉపరితలం మామూలుగా ఉంది. సంతోషంగా దాన్ని పట్టుకెళ్లి డాక్టరు గారి ముందు పెట్టాను. ఆయన రెండువైపులా తిప్పి చూసి, ఏ కీలు చూశారో ఇందులో లేదు, రక్తం పారడాన్ని చూపే డాప్లర్ పెట్టారో లేదో తెలియదు, గ్రేడు వేయలేదు, దీన్నిబట్టి మోతాదు తగ్గించలేనన్నారు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు తలచుకుంటే, ఆ రోజు ఆయన చూపిన పట్టుదలే నా చెయ్యిని కాపాడిందనిపిస్తుంది.

ఆయన డాప్లర్ గురించి ఎందుకంత పట్టుబట్టారో అర్థం కావాలంటే ఈ జబ్బు కీలులో ఏం చేస్తుందో కొంచెం తెలియాలి. కీలును లోపలి నుంచి చుట్టి ఉండే సైనోవియం అనే పొర మామూలుగా చాలా పలుచగా ఉంటుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో శరీరపు రక్షణ వ్యవస్థ పొరపాటున ఆ పొర మీదే దాడి చేస్తుంది. పొర ఉబ్బి మందమవుతుంది, దానిలోకి కొత్తగా సన్నసన్నని రక్తనాళాలు పుట్టుకొస్తాయి, కీలులో నీరు చేరుతుంది, కాలం గడిచేకొద్దీ ఆ పొర పక్కనున్న ఎముక అంచును తినేయడం మొదలుపెడుతుంది. అల్ట్రాసౌండ్ దీన్ని రెండు విధాలుగా చూపిస్తుంది. నలుపు, తెలుపు, బూడిద రంగుల్లో కనిపించే గ్రే స్కేల్ చిత్రంలో పొర ఎంత మందమైందో, నీరు ఉందో లేదో, ఎముక గీత ఎక్కడైనా తెగిందో తెలుస్తుంది. దాని మీద పవర్ డాప్లర్ వేస్తే, పొరలో రక్తం కదులుతున్న చోట నారింజ రంగు చుక్కలు వెలుగుతాయి. పొర మందంగా ఉన్నంత మాత్రాన జబ్బు ఇప్పుడు చురుగ్గా ఉందని చెప్పలేం. అది పాత మంట ఆరిపోయాక మిగిలిన మచ్చ కావచ్చు. రక్తం పారుతూ ఉంటే మాత్రం మంట ఇంకా రగులుతున్నట్టు లెక్క. అందుకే డాప్లర్ లేని స్కాన్ మా జబ్బువాళ్లకు సగం స్కానే.

రెండోసారి ఆరు వారాలు ఆగి, విభాగంలోనే చేయించుకున్నాను. అక్కడ స్కాన్ చేసేది కీళ్ల అల్ట్రాసౌండ్‌లో ప్రత్యేక శిక్షణ పొందిన ఒక రుమటాలజిస్టు. రెండు రోజుల ముందు నుంచి నొప్పి మాత్రలు ఆపగలరా అని ముందే ఫోన్ చేసి అడిగారు. ఆ మాత్రలు వాపును, డాప్లర్ చుక్కలను తాత్కాలికంగా తగ్గించి చూపిస్తాయట. ఆపడం నావల్ల అయింది కనుక ఆపాను, అందరికీ అది కుదరకపోవచ్చు. గదిలోకి వెళ్లగానే ఆవిడ మొదట చేసిన పని నా చేతులను పట్టుకుని చూడటం. "చేతులు చల్లగా ఉన్నాయండీ, కాసేపు దుప్పటి కింద పెట్టుకోండి. చలికి రక్తనాళాలు ముడుచుకుంటే ఉన్నది కూడా కనబడదు" అని పది నిమిషాలు కూర్చోబెట్టారు. ఆ పది నిమిషాలూ ఊరికే పోనివ్వకుండా ఏ కీలులో ఎప్పటి నుంచి నొప్పి ఉందో, ఏ పని చేస్తే ఎక్కువవుతుందో అడిగి రాసుకున్నారు.

తరువాత జెల్ రాశారు. మొదటి సెంటర్‌లో వేళ్లకు తడి అంటినంత మాత్రమే రాశారు. ఇక్కడ చూపుడువేలు మొదట్లోని కణుపు మీద చిన్న దిబ్బలా పోసి, ప్రోబ్‌ను చర్మానికి తగిలీ తగలనట్టు ఆ జెల్ మీద తేల్చారు. "చెయ్యి వదులుగా పెట్టండమ్మా, వేళ్లు బిగించకండి" అంటూ తెర నా వైపు తిప్పారు. పైన నల్లటి పట్టీలా జెల్, దాని కింద చర్మం, ఆ కింద సన్నని నారల కట్టలా కండరాన్ని ఎముకకు కలిపే టెండన్, అడుగున ధగధగా మెరిసే తెల్లని గీతలా ఎముక. రెండు ఎముకల గీతలు కలుసుకునే లోయలో బూడిద రంగు ముద్ద ఒకటి పైకి ఉబికి ఉంది. ఆవిడ ప్రోబ్‌తో మెల్లగా అదిమారు. నీరైతే పక్కకు జరిగిపోతుందట, ఇది కదల్లేదు. పొర ఉబ్బిందన్న మాట. పట్టు వదిలి డాప్లర్ బటన్ నొక్కగానే ఆ బూడిద ముద్దలో నారింజ చుక్కలు నాలుగైదు వెలిగి, నా గుండె కొట్టుకునే లయలో మిణుకుమిణుకుమన్నాయి. "ఇప్పుడు చూడండి" అని ఆవిడ ప్రోబ్‌ను కొంచెం గట్టిగా నొక్కారు. చుక్కలన్నీ మాయమయ్యాయి. చెయ్యి తేలిక చేయగానే మళ్లీ వెలిగాయి.

మొదటి స్కాన్‌లో ఏం జరిగిందో నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. అదిమిపట్టినప్పుడు ఆ సన్నని నాళాలు నలిగి రక్తం ఆగిపోతుంది. లోపల మంట ఉన్నా తెర మీద ఏమీ కనబడదు. అంతకుముందు ఏ పరీక్షలోనూ నా జబ్బును నా కళ్లతో చూడలేదు. రక్తపరీక్షలో అంకెలు వస్తాయి, ఎక్స్‌రేలో పాడైపోయిన తరువాతి ఎముక కనిపిస్తుంది. ఇక్కడ మాత్రం నొప్పి తెలియని, పైకి వాపు కూడా కనబడని ఒక కణుపులో జబ్బు తన పని తాను చేసుకుపోతుండటం చూశాను. ఆ రోజు నుంచి వికారమని మందు ఒక వారం ఎగ్గొట్టే అలవాటు పూర్తిగా మానేశాను.

మొత్తం పరీక్షకు అరగంటకు పైగా పట్టింది. రెండు మణికట్లు, రెండు చేతుల కణుపులు, వేళ్ల మధ్య కీళ్లు, పాదాల వేళ్ల మొదళ్లు అన్నీ చూశారు. డాస్28 లెక్కలో పాదాలు లేవన్న సంగతి నాకు ఆవిడ చెప్పేదాకా తెలియదు. భుజాలు, మోచేతులు, మణికట్లు, చేతివేళ్లు, మోకాళ్లు కలిపితేనే ఆ 28 అవుతాయి. చీలమండకు కిందివేవీ ఆ స్కోరులోకి రావు. కానీ ఈ జబ్బు ఎముకను తొలిసారి తినే చోట్లలో కాలి చిటికెనవేలి మొదలు ముఖ్యమైనది. నాకు అక్కడ ఎముక గీత చిన్న గుంటలా తెగి కనిపించింది. వెంటనే ప్రోబ్‌ను అడ్డంగా తిప్పి మళ్లీ చూశారు. నిలువుగా, అడ్డంగా రెండు కోణాల్లోనూ గీత తెగి ఉంటేనే దాన్ని ఎముక కోతగా రాస్తారు, ఒక్క కోణంలో కనిపించేది కంటి భ్రమ కావచ్చు. అదే పాదానికి నాలుగు నెలల క్రితం తీసిన ఎక్స్‌రేలో అది లేదు. దీనికి ఆశ్చర్యపడనక్కర్లేదు. 2000లో అచ్చయిన ఒక అధ్యయనంలో, జబ్బు తొలిదశలో ఉన్నవారి చేతి కణుపుల్లో ఎక్స్‌రే కంటే అల్ట్రాసౌండ్ ఆరున్నర రెట్లు ఎక్కువ కోతలను పట్టుకుంది.

రిపోర్టు ఎలా ఉందో చెప్పాలి, ఎందుకంటే ఈ సేవలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది అదే. ప్రతి కీలు పేరు ఎదురుగా రెండు అంకెలున్నాయి, ఒకటి గ్రే స్కేల్ గ్రేడు, మరొకటి డాప్లర్ గ్రేడు, రెండూ సున్నా నుంచి మూడు వరకు. డాప్లర్‌లో సున్నా అంటే చుక్కలే లేవని, ఒకటంటే మూడు వరకు విడి చుక్కలో, ఆ పాటి చిన్న మచ్చలో ఉన్నాయని, రెండంటే అంతకు మించినా ఉబ్బిన పొరలో సగానికి లోపేనని, మూడంటే సగం దాటిందని. ఈ వరసను కీళ్ల జబ్బుల రంగంలోని అంతర్జాతీయ సంస్థలైన యూలార్, ఓమెరాక్ట్‌ల నిపుణులు కలిసి 2017లో ఖరారు చేశారు. కాబట్టి ఒక చోట వేసిన గ్రేడు మరోచోటి డాక్టరుకు కూడా అర్థమవుతుంది. నా కుడి చూపుడువేలి కణుపుకు గ్రే స్కేల్ 2, డాప్లర్ 2 పడ్డాయి. కుడి మణికట్టుకు చిటికెనవేలి వైపు నుంచి వెళ్లే టెండన్ తొడుగులో కూడా వాపు రాశారు. అక్కడ మెలితిప్పితే నొప్పి పుడుతోందని చాలాకాలంగా చెబుతున్నా, అది బరువులెత్తడం వల్లేనని నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. ఏ మెషీన్, ఏ ప్రోబ్, డాప్లర్ ఏ సెట్టింగులో పెట్టారు అన్న వివరాలు కూడా కింద ఉన్నాయి. ప్రతి ముఖ్యమైన కీలు బొమ్మ జతచేసి ఇచ్చారు. ఆ రెండు వాక్యాల రిపోర్టును, ఈ రెండు పేజీల రిపోర్టును పక్కపక్కన పెడితే ఒకే మనిషి చేతులవని ఎవరూ నమ్మరు.

దీన్ని చూసి డాక్టరు గారు ఏం చేశారన్నది చాలా ముఖ్యం. మోతాదు తగ్గించలేదు. అలాగని కొత్త మందు కూడా చేర్చలేదు. డాప్లర్ వెలిగింది కదా, ఇంకా గట్టి మందు వద్దా అని నేనే భయపడి అడిగాను. నొప్పి, వాపు, రక్తపరీక్షలు అన్నీ అదుపులో ఉన్నప్పుడు తెర మీది చుక్కలను వెంటాడి మందు పెంచుకుంటూ పోవడం వల్ల మేలు జరుగుతుందని తేలలేదని ఆయన ఓపికగా వివరించారు. తరువాత నేను చదివి తెలుసుకున్నది కూడా ఆయన మాటనే బలపరిచింది. 2016లో వెలువడిన నార్వే వారి ఆర్కటిక్ అధ్యయనంలో, జబ్బు కొత్తగా బయటపడిన 238 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు స్కాన్‌లో కనిపించినదాన్ని కూడా లెక్కలోకి తీసుకుని మందులు మార్చారు, రెండో జట్టుకు చేతి పరీక్ష, రక్తపరీక్షలతోనే మార్చారు. రెండేళ్ల తరువాత నిలకడైన ఉపశమనంతో పాటు వాపు లేకపోవడం, ఎక్స్‌రేలో నష్టం పెరగకపోవడం అన్న గీటురాయిని మొదటి జట్టులో 22 శాతం, రెండో జట్టులో 19 శాతం మంది అందుకున్నారు. ఆ తేడా లెక్కలోకి వచ్చేంతటిది కాదు. అదే ఏడాది స్కాట్లండ్ నుంచి వచ్చిన టేసర్ అధ్యయనం కూడా ప్రధాన కొలతలో చెప్పుకోదగ్గ తేడా చూపలేదు.

మరి స్కాన్ ఎందుకు అని అడగవచ్చు. మందు పెంచడానికి, తగ్గించడానికి సాక్ష్యం ఒక్కటే కాదు. లక్షణాలన్నీ అణిగి ఉన్నవారిలో కూడా డాప్లర్ మిణుకుతున్న కీళ్లు ముందుముందు దెబ్బతినే అవకాశం ఎక్కువని 2008లో ఇంగ్లండ్ పరిశోధకులు చూపించారు. మందు తగ్గించాలనుకునేవారికి ఆ చుక్కలు ఒక హెచ్చరికలాంటివి. ఉన్న మందును ఉన్నట్టే కొనసాగించు, ఇంకా వేళ కాలేదు అని అవి చెబుతాయి. ఆ రోజు నా ప్రశ్న సరిగ్గా అదే కాబట్టి స్కాన్ దానికి సూటిగా జవాబిచ్చింది. ప్రశ్న లేకుండా, ఊరికే ఒకసారి చూద్దామని చేయించుకుంటే ఈ పరీక్ష వల్ల కలిగేది ఆందోళనేనని నా అభిప్రాయం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కాలివేళ్ల మొదళ్లలో కూడా కొద్దిపాటి నీరు, గ్రే స్కేల్‌లో ఒకటో గ్రేడు కనిపించడం అరుదేమీ కాదు.

మూడో స్కాన్ కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఏడాది తరువాత నాకు ఒళ్లంతా నొప్పులు మొదలయ్యాయి. ఇంట్లో ఒకరి అనారోగ్యంతో నాలుగు నెలలు సరైన నిద్ర లేదు. పిడికిలి బిగిస్తే నొప్పి, జల్లెడ తిప్పితే నొప్పి, ఎవరైనా మణికట్టు పట్టుకుంటే నొప్పి. డాక్టరు నొక్కి చూస్తే తొమ్మిది కీళ్లలో అబ్బా అన్నాను, కానీ వాపు ఒక్కదాంట్లో కూడా చేతికి దొరకలేదు. ఈఎస్‌ఆర్ 14. నా పరిస్థితిని నూటికి ఎంత బాధగా ఉందో గుర్తు పెట్టమంటే 60 దగ్గర పెట్టాను. స్కోరు దాదాపు 4.4కు ఎక్కి కూర్చుంది. ఆ అంకెను మాత్రమే చూసేవారెవరైనా జబ్బు అదుపు తప్పిందనే అంటారు. ఆ లెక్క లోపల ఏముందో డాక్టరు గారు కాగితం మీద వేసి చూపించారు. నొప్పి ఉన్న కీళ్ల సంఖ్యకు వర్గమూలం తీసి 0.56తో, వాపు ఉన్న కీళ్ల సంఖ్యకు వర్గమూలం తీసి 0.28తో గుణిస్తారు. అంటే వాపుకు ఇచ్చే బరువుకు రెట్టింపు నొప్పికి ఇస్తారు. నా తొమ్మిది నొప్పి కీళ్లకే 1.68 పడింది, నా 60కి మరో 0.84 కలిసింది, మిగిలినది ఈఎస్‌ఆర్ లెక్క. నొప్పి ఏ కారణం చేత వచ్చినా స్కోరు పెరుగుతుంది, అది మంట వల్ల వచ్చిందా కాదా అని స్కోరు అడగదు.

అందుకే మళ్లీ స్కాన్. అదే గది, అదే డాక్టరమ్మ, అదే మెషీన్. నొప్పి పుడుతున్న తొమ్మిది కీళ్లనూ ఒక్కొక్కటిగా చూశారు. ఎక్కడా డాప్లర్ చుక్క లేదు. నిరుడు మిణుకుమన్న చూపుడువేలి కణుపులో కూడా గ్రే స్కేల్ 1, డాప్లర్ 0. మణికట్టు టెండన్ తొడుగు శుభ్రంగా ఉంది. ఆ మాట విన్నప్పుడు మొదట నాకు సంతోషం కలగలేదు, నా నొప్పి అబద్ధమంటున్నారేమోనని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ అది గమనించి, "నొప్పి నిజమేనమ్మా. అది కీలు పొరలో మంట వల్ల వచ్చింది కాదని మాత్రమే ఈ తెర చెబుతోంది. ఎక్కడి నుంచి వస్తోందో వేరే వెతుకుదాం" అన్నారు. నిద్రలేమి, కండరాల నొప్పి, దిగులు కలిసి ఈ జబ్బు ఉన్నవారిలో నొప్పిని తట్టుకునే హద్దును తగ్గించేస్తాయట. అందుకు వేరే చికిత్స ఉంది, వ్యాయామం ఉంది, నిద్రను సరిచేసుకోవడం ఉంది. రక్షణ వ్యవస్థను ఇంకా అణచే మందు దానికి జవాబు కాదు. ఆ స్కాన్ లేకపోతే నాకు అక్కర్లేని మందు ఒకటి మొదలై ఉండేదని, ఇన్ఫెక్షన్ల భయం దానితో పాటు వచ్చి ఉండేదని అనుకుంటాను. నాలుగింటిలో ఏది ఎక్కువ మేలు చేసిందని అడిగితే ఈ ఖాళీ స్కాన్ పేరే చెబుతాను.

లోపాలు లేవని కాదు. అన్నిటికంటే పెద్దది, పరీక్ష ఫలితం చేసేవారి చేతిని బట్టి మారడం. నా మొదటి అనుభవమే అందుకు నిదర్శనం. టెండన్ మీద ప్రోబ్ కోణం కాస్త పక్కకు ఒరిగినా తెల్లగా కనిపించాల్సింది నల్లగా మారి, లేని నీరు ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. శిక్షణ ఉన్న చెయ్యి దాన్ని వెంటనే పసిగట్టి సరిచేసుకుంటుంది, లేని చెయ్యి వాపని రాసేస్తుంది. రెండోది మెషీన్. వేళ్ల కీళ్లు చర్మానికి చాలా దగ్గరగా ఉంటాయి కనుక లోతుకు పోకపోయినా సూక్ష్మంగా చూపే హెచ్చు పౌనఃపున్యపు ప్రోబ్ కావాలి, 15 మెగాహెర్ట్జ్ లేదా అంతకు పైబడినదైతే మంచిది. పొట్ట స్కాన్ చేసే వంపు ప్రోబ్ ఇక్కడ పనికిరాదు. సన్నగా పారే రక్తాన్ని పట్టుకునే శక్తి కూడా మెషీన్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఒక చోట వచ్చిన సున్నాను మరోచోట వచ్చిన ఒకటితో పోల్చి జబ్బు పెరిగిందనుకోవడం పొరపాటు. మూడోది ధ్వని స్వభావంలోనే ఉంది. ధ్వని తరంగాలు ఎముకను దాటిపోలేవు. ఎముక పైతలం వరకే చూడగలం, ఎముక మజ్జలో చేరే వాపును చూడాలంటే ఎమ్మారై తప్ప దారి లేదు. మణికట్టులోని చిన్న ఎముకల మధ్య సందుల్లో కూడా కొన్ని మూలలు దీనికి అందవు.

సమయం ఇంకొక ఇబ్బంది. శ్రద్ధగా చేస్తే అరగంట పడుతుంది, అందుకే అపాయింట్‌మెంట్లు ఆలస్యమవుతాయి. రెండు చేతులు, రెండు పాదాలకు బదులు జబ్బు ఎక్కువగా ఉన్న వైపు మణికట్టు, రెండు కణుపులు, రెండు వేలి కీళ్లు, రెండు కాలివేళ్ల మొదళ్లు కలిపి ఏడు కీళ్లే చూసే పద్ధతి కూడా ఉంది. జర్మనీ పరిశోధకులు 2009లో దాన్ని ప్రతిపాదించారు. మందు పనిచేస్తోందా లేదా అని వరుసగా చూసుకోవడానికి అది సరిపోతుందంటారు. నాలాగా మణికట్టు టెండన్‌లో దాక్కున్న వాపును కనిపెట్టాలంటే మాత్రం నొప్పి ఉన్న చోటును విడిగా అడిగి చూపించుకోవాలి. ఇక పరీక్ష వల్ల బాధ అంటూ ఏమీ లేదు. సూది లేదు, రేడియేషన్ లేదు, గొట్టంలో బిగించి పడుకోబెట్టడం లేదు. ఎన్నిసార్లయినా చేయించుకోవచ్చు. జెల్ కొంచెం చల్లగా ఉంటుంది, అంతే.

ఇవన్నీ చూశాక, కీళ్ల స్కాన్‌కు వెళ్లేవారికి నేను చెప్పగలిగేది ఇదీ. ముందుగా ఫోన్ చేసి, పవర్ డాప్లర్‌తో చేస్తారా, కీలు వారీగా గ్రేడు రాసిస్తారా అని అడగండి. ఆ ప్రశ్న అవతలివారికి అర్థం కాకపోతే అక్కడికి వెళ్లకపోవడమే మంచిది. నొప్పి మాత్రలు, ఈ మధ్య వేయించుకున్న స్టిరాయిడ్ ఇంజెక్షన్ల సంగతి దాచకుండా చెప్పండి, డాక్టరును అడగకుండా మాత్రం ఏదీ ఆపకండి. నొప్పి ఉన్న చోటును వేలితో చూపించండి. వీలైతే ప్రతిసారీ ఒకే చోట, ఒకే మెషీన్ మీద, ఒకే మనిషి చేత చేయించుకోండి. పాత బొమ్మలు వెంట తీసుకెళ్లండి, రిపోర్టు ఒక్కటీ చాలదు. నేను రెండో స్కాన్ బొమ్మలను పోగొట్టుకోకుండా దాచడం వల్లే మిగతా రెండు స్కాన్లకు అర్థం వచ్చింది.

నాలుగోది పోయిన నెలలో అయింది. నా పాత కోరికనే మళ్లీ అడిగాను, మందు కొంచెం తగ్గించవచ్చా అని. నిద్ర కుదుటపడింది, నొప్పులు సర్దుకున్నాయి, స్కోరు మళ్లీ 2.6 కిందికి వచ్చింది. దుప్పటి కింద చేతులు వేడెక్కాక, డాక్టరమ్మ ముందుగా పాత బొమ్మను తెర మీదికి తెచ్చి, అదే కణుపు మీద, అదే లోతులో, అదే సెట్టింగులో ప్రోబ్‌ను తేల్చారు. నారింజ చుక్కలు వెలిగిన ఆ లోయలో ఇప్పుడు సన్నని నల్లని గీత ఒకటే ఉంది. వేలిని మెల్లగా ముడవమన్నారు. ముడిచాను. పైనున్న టెండన్ ఎక్కడా తట్టుకోకుండా నున్నగా జారింది. కాలి చిటికెనవేలి దగ్గర గుంట మాత్రం అలాగే ఉంది. రెండు కోణాల్లోనూ కొలిచి, పెరగలేదని రాశారు. ఆ సాయంత్రం మెథోట్రెక్సేట్‌ను వారానికి 20 మిల్లీగ్రాముల నుంచి 17.5కు తగ్గించారు. ఆరు నెలల తరువాత మళ్లీ అదే గదిలో అపాయింట్‌మెంట్ రాసిచ్చారు.